మీ ఊరి చరిత్ర పోగుచేసి చిన్న మ్యూజియం పెట్టాలంటే ఏం చేయాలి

"మా ఊరికి చానా చరిత్ర ఉంది, రాసేవాళ్ళే లేరు" అనే మాట రాయలసీమలో ఏ ఊరి కట్ట మీద కూర్చున్నా వినిపిస్తుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల్లో ఒకటి, క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలంలో వేయించింది, ఎర్రగుంట్ల పక్కన కలమళ్ళలోనే ఉంది. అశోకుడి శాసనాలు పత్తికొండ వైపు ఎర్రగుడి బండల మీద ఉన్నాయి. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880లలోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు చేయించాడు. ఇవన్నీ పుస్తకాల్లోకి ఎక్కాయి, సంతోషం. ఎక్కనివి మీ ఊర్లో ఉన్నాయి. చెరువు నీళ్ళు ఎవరి వంతు ప్రకారం వదిలేవాళ్ళు, ధాత కరువులో (1876-78) ఏ ఇంటివాళ్ళు ఎటు వలస పోయారు, ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిలను చివరిసారి తోలింది ఎవరు, మగ్గాల వీధిలో మగ్గాలు ఎందుకు ఆగిపోయాయి, ఇవి బయటినుంచి ఎవరో వచ్చి రాసిపెట్టరు. ఊరివాళ్ళే పూనుకోవాలి.

ప్రొద్దుటూరు వైపు మా ఊర్లో కొంతమందిమి కలిసి ఈ పని చేస్తున్నాం కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో వరసగా చెప్తాను. మిగతా అంతా మర్చిపోయినా ఒక్కటి గుర్తుపెట్టుకోండి: వస్తువు కన్నా దాని వివరం విలువైంది. ఎవరింటిది, ఎవరు చేశారు, దేనికి వాడారు, ఎప్పుడు ఎందుకు వాడడం మానేశారు, ఈ నాలుగూ తెలియని, గింజలు కొలిచే ఇత్తడి పడి పాత సామాన్ల అంగడిలో కేజీల లెక్కన అమ్మే ఇత్తడితో సమానం. అవి తెలిస్తే అదే పడి మీ ఊరి చరిత్ర.

బిల్డింగ్ గురించి ఇప్పుడే ఆలోచించొద్దు

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. స్థలం కావాలి, ఎమ్మెల్యేను కలవాలి, ఫండ్స్ రావాలి అని సంవత్సరాలు గడుస్తాయి, ఈలోపు చెప్పాల్సిన ముసలాయన పోతాడు, కరణం ఇంటి కాగితాల పెట్టె చెదలపాలవుతుంది. మొదట కావాల్సింది నలుగురైదుగురు మనుషులు, గట్టి అట్ట ఉన్న పెద్ద రిజిస్టరు ఒకటి, ఒక ఫోను, అంతే. ఆ నలుగురిలో ఒక్కరైనా ఆడమనిషి ఉండాలి, లేకపోతే వంటింటి చరిత్ర, పురుళ్ళ చరిత్ర, పాటల చరిత్ర మీకు ఎవరూ చెప్పరు. ఊర్లో ఉన్న అన్ని వీధులనుంచీ మనుషులు ఉండేలా చూసుకోండి. రెడ్డి, కరణం ఇళ్ళల్లో కాగితాలు ఉంటాయి నిజమే, కానీ చెరువు తూము దగ్గర నిలబడి నీళ్ళు పంచిన నీరుగంటి, తప్పెట వాయించినవాళ్ళు, చెప్పులు కుట్టినవాళ్ళు, దూదేకినవాళ్ళు, పీర్ల చావిడి చూసుకున్నవాళ్ళు, వీళ్ళ ఇళ్ళల్లో ఉన్నది కాగితం మీద ఉండదు. మాటల్లోనే ఉంటుంది, ఆ మాటలే ముందుగా పోతాయి. కోటలు, పాళెగాళ్ళు, గుళ్ళు మాత్రమే ఉన్న ఊరి మ్యూజియంలో ఊరు సగమే కనిపిస్తుందని నా నమ్మకం.

జనం కూడబలుక్కుంటే ఏమవుతుందో చూడాలంటే కడప టౌనులోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం 1982లో జైన సమాజం విరాళాల ఊతంతో వచ్చింది. బ్రౌన్ దొర ఉన్న బంగళా పాడుపడిపోతే ఆ చోటే ఈరోజు సి.పి. బ్రౌన్ లైబ్రరీ నిలబడిందంటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పట్టువదలకుండా తిరగడం వల్లే. మీ పని మొదలుపెట్టే ముందు ఆ రెండు చోట్లకూ ఒకసారి పోయి రండి. వస్తువుల పక్కన వివరం ఎలా రాశారు, ఏది అర్థమైంది, ఏది కాలేదు అన్నది నోట్ చేసుకోండి.

ముందు మనుషులు

పెద్దవాళ్ళతో మాట్లాడే పని అన్నిటికన్నా ముందు పెట్టుకోండి. రాళ్ళు ఎక్కడికీ పోవు, మనుషులు ఆగరు.

ఎనభై దాటినవాళ్ళ పేర్లు వీధులవారీగా రాసుకుని, ఒంట్లో బాగాలేనివాళ్ళతో మొదలుపెట్టండి. పోయేటప్పుడు వాళ్ళ మనవడినో కోడలినో వెంటబెట్టుకుపోతే టెన్షన్ లేకుండా మాట్లాడతారు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మనిషికి జానెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద ఉంచి రికార్డ్ చేయండి, ఫ్యాను ఆపమని అడగండి, లేకపోతే ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. రికార్డింగ్ మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేవాళ్ళ పేరు మీ గొంతుతో చెప్పి, "అవ్వా, ఇది రికార్డ్ చేసుకుంటున్నాం, నలుగురికీ వినిపించొచ్చా?" అని అడిగి, ఆమె జవాబు కూడా అందులోనే పడనివ్వండి. తర్వాత ఇంట్లోవాళ్ళు అభ్యంతరం చెప్తే గొడవ ఉండదు. ఏదైనా మాట "ఇది రాయొద్దు నాయనా" అంటే రాయకండి. నమ్మకం పోతే ఇంకో ఇంటి తలుపు తెరుచుకోదు.

"మీ కాలంలో ఎట్లుండేది?" అని అడిగితే "అప్పుడంతా బాగుండేది" అనే జవాబే వస్తుంది. చేతికి దొరికే ప్రశ్న వేయాలి. సద్ద సంగటి ఏ కుండలో కెలికేవాళ్ళు, కొర్రలు ఎక్కడ దంచేవాళ్ళు, ధాన్యం పాతరలో ఎలా దించేవాళ్ళు, పాతర మూత తీసినరోజు లోపలికి దిగే ముందు ఏం చేసేవాళ్ళు అని అడగండి. మూత తీయగానే దిగితే ఊపిరాడక మనిషి పడిపోతాడు కాబట్టి దానికో పద్ధతి ఉండేది, ఆ పద్ధతి తెలిసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. ఇంట్లో ఉన్న ఏదైనా పాత వస్తువు చేతికిస్తే మాట ఇంకా బాగా వస్తుంది. విత్తనాలు పోసే జడ్డిగం చూపించి "దీన్ని ఎట్లా పట్టుకునేవాళ్ళు పెద్దాయనా?" అనండి, ఆయన లేచి నిలబడి గొర్రు వెనకాల నడిచి చూపిస్తాడు.

సంవత్సరాలు చాలామందికి అంకెల్లో గుర్తుండవు. సంఘటనలు గుర్తుంటాయి. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు అంటే 1953-56, కరణాలు పోయిన ఏడు అంటే 1984. ఇలాంటి గుర్తుల పట్టీ ఒకటి మీ ఊరికి తగ్గట్టు తయారుచేసుకోండి: కరెంటు వచ్చింది, మొదటి బస్సు వచ్చింది, బడి కట్టారు, చెరువు తెగింది, ఇలా. తెలుగు సంవత్సరం పేరు చెప్తే మాత్రం జాగ్రత్త. అది అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది కదా, ధాత అంటే 1876-77 కావొచ్చు, 1936-37 కావొచ్చు, 1996-97 కూడా కావొచ్చు. "మా జేజి చెప్పింది, ధాత కరువులో తంగేడు గింజలు కూడా తిన్నారంట" అని ఎవరైనా అంటే అది 1876-78 నాటి మహా కరువు గురించి తరతరాలుగా వచ్చిన మాట అన్నమాట. ఆ మాటను "విన్నది" అని, చెప్పినవాళ్ళు కళ్ళారా చూసినదాన్ని "చూసింది" అని వేరువేరుగా రాసుకోండి. ఈ చిన్న తేడా పాటిస్తే తర్వాత మీ రాతను ఎవరైనా నమ్ముతారు.

కాగితాలు

మన ప్రాంతం 1800లో నిజాం చేతినుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది, అందుకే దత్త మండలాలు అన్నారు. థామస్ మన్రో ఇక్కడ మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు, 1800 నుంచి 1807 దాకా ఊరూరా భూములు కొలిపించాడు. ఆ కాలంలోనే కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు, ముఖ్యంగా కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య లాంటివాళ్ళు, కరణాల దగ్గర ఉన్న కవిలెలు (ఊరి లెక్కల పుస్తకాలు) చూసి, పెద్దలను అడిగి కైఫియత్తులు, అంటే ఊర్ల చరిత్రలు, రాయించారు. కడప జిల్లా కైఫియత్తులు బ్రౌన్ కేంద్రం వాళ్ళు అచ్చు వేశారు కాబట్టి ముందు అందులో మీ ఊరి పేరు, లేకపోతే పక్క ఊరి పేరు ఉందేమో వెతకండి. ఉంటే మీ అదృష్టం, రెండు వందల ఏళ్ళ కిందట మీ ఊరివాళ్ళు తమ ఊరి గురించి ఏం చెప్పుకున్నారో తెలుస్తుంది. అందులో ఉన్నదంతా జరిగిందని కాదు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పే కథలు చాలావరకు కథలే, కానీ ఏ చెరువు ఎవరి కింద ఉంది, ఏ ఇనాం ఎవరికి ఇచ్చారు అన్న వివరాలు గట్టివి.

తర్వాత జిల్లా మాన్యువళ్ళు, గెజిటీర్లు, అంటే జిల్లా వివరాలన్నీ ఒకచోట పెట్టిన పాత ప్రభుత్వ పుస్తకాలు. కడప జిల్లాకు గ్రిబుల్ రాసింది 1875లో, కర్నూలుకు నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసింది 1886లో, అనంతపురానికి ఫ్రాన్సిస్ రాసింది 1905లో వచ్చాయి. మూడూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక్క విషయం, అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది, అంతకు ముందు కాగితాలు కావాలంటే బళ్ళారి పేరుతో వెతకాలి. అలాగే 2022లో జిల్లాలు మారాయి, ఈరోజు నంద్యాల జిల్లాలో ఉన్న ఊరు పాత పుస్తకాల్లో కర్నూలులోనే ఉంటుంది, రాయచోటి, రాజంపేటల వైపు ఊర్లు కడప కింద ఉంటాయి.

రెవెన్యూ ఆఫీసులో పాత భూముల రిజిస్టరు అయిన ఆర్‌.ఎస్‌.ఆర్‌., ఇనాం రిజిస్టరు, గ్రామ పటం అడగండి. నకలు కోసం అర్జీ పెట్టుకుంటే ఇస్తారు, ఓపిక కావాలి. అందులో చేల పేర్లు ఉంటాయి చూడండి, అవి బంగారం. కుమ్మరి చేను, మాదిగ మాన్యం, తోటి మాన్యం, తూము కింద చేను, ఈ పేర్లు ఒక్కొక్కటీ ఊర్లో ఎవరు ఏ పని చేసి బతికారో చెప్తాయి. పాత రెవెన్యూ లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరం కనిపిస్తే ఇంగ్లీషు సంవత్సరం కోసం దానికి 590 కలపండి, ఫసలీ 1340 అంటే 1930-31. శాలివాహన శకానికి 78 కలపాలి.

కరణాల వ్యవస్థ 1984లో రద్దయినా పాత ఇళ్ళల్లో కట్టలు ఇంకా ఉన్నాయి. గొలుసుకట్టు రాతలో ఉంటాయి కాబట్టి మొదట ఏమీ అర్థం కాదు. ఆ రాత చదవగలిగిన పెద్దవాళ్ళు ఊరికి ఒక్కరు కూడా మిగల్లేదు, దొరికితే వాళ్ళ పక్కన కూర్చుని రెండు పేజీలు చదివించుకుని రికార్డ్ చేయండి, అక్షరం ఎక్కడ అక్షరంతో కలుస్తుందో పట్టుబడుతుంది. వీసం, పరక, కాణి, పుట్టి, తూము లాంటి లెక్కలు వస్తే కంగారుపడొద్దు. వీసం అంటే పదహారో వంతు, పుట్టి అంటే ఇరవై తూములు, కొలపాత్ర మాత్రం ఊరికీ ఊరికీ తేడా ఉంటుంది కాబట్టి మీ ఊరి తూము ఎంతో అడిగి రాసుకోండి.

ఆ కట్టలు ఇమ్మని అడగొద్దు. వాళ్ళ ఇంట్లోనే, వాళ్ళ ముందే, పగటి వెలుతురులో నీడపట్టున పరిచి ఫోటోలు తీసుకుని తిరిగి కట్టి ఇచ్చేయండి. ఆస్తి కాగితాలు కదా, ఎవరికైనా భయం ఉంటుంది. ఫోటోలు వాట్సాప్‌లో పంపించుకోకండి, సైజు తగ్గిపోయి అక్షరం చెరిగిపోతుంది. కేబుల్ పెట్టి కాపీ చేసుకుని, ఒక హార్డ్ డిస్క్‌లో, ఒక క్లౌడ్‌లో, వీలైతే ఇంకో ఊర్లో ఉన్న మనిషి దగ్గర ఉంచండి. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు టౌనులోకి వచ్చినప్పుడు, 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఇళ్ళల్లో ఏమేం పోయాయో తలుచుకుంటే ఇంకో ఊర్లో కాపీ ఎందుకో మళ్ళీ చెప్పక్కర్లేదు.

రాళ్ళు, చెరువులు

ఊరి చుట్టూ తిరిగి వీరగల్లులు (పోరులో చనిపోయినవాళ్ళ గుర్తు రాళ్ళు), సతీకల్లులు (సతి పోయిన ఆడవాళ్ళ గుర్తు రాళ్ళు), నాగులకల్లులు, బొడ్రాయి, పాత తూములు, మెట్ల బావులు అన్నీ ఎక్కడున్నాయో ఫోనులో లొకేషన్‌తో సహా నోట్ చేయండి. ఎక్కడి రాయి అక్కడే ఉండాలి. "మ్యూజియంకి తెచ్చి పెడదాం" అని ట్రాక్టరుకు ఎత్తించారా, ఆ రాయి ఏ పొలిమేర దగ్గర ఏ పోరాటానికి గుర్తుగా నిలబడిందో ఆ వివరం పోయినట్టే, పైగా చట్టం కూడా ఒప్పుకోదు. రోడ్డు వెడల్పు పనిలో పోతుందనిపిస్తే తహసీల్దారుకు, పురావస్తు శాఖకు ఫోటోలతో అర్జీ పెట్టండి.

శాసనం దొరికితే ముగ్గుపిండి, సుద్ద, పసుపు, పెయింటు ఏదీ రుద్దకండి. గుళ్ళల్లో తెల్ల పెయింటుతో అక్షరాలు దిద్దినచోట తప్పు అక్షరమే శాశ్వతంగా నిలిచిపోయింది. రాతి మీద మట్టి ఉంటే మెత్తటి బ్రష్‌తో దులిపి, సాయంత్రం ఎండ వాలుగా పడేటప్పుడు ఫోటో తీయండి, లేకపోతే చీకటి పడ్డాక టార్చిలైటు రాతికి పక్కనుంచి, దాదాపు రాతిని తాకేంత వాలుగా పట్టుకుని తీయండి. పగలు ఏమీ కనిపించని రాయి మీద అప్పుడు అక్షరాలు నీడలు పట్టి పైకి తేలతాయి. లైటు ఎడమనుంచి ఒకసారి, కుడినుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి, పక్కన ఒక స్కేలు పెట్టి. ఆ ఫోటోలు శాసనాలు చదివేవాళ్ళకు, మైసూరులో ఉన్న కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపించండి. తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీసే పని తెలిసినవాళ్ళు వచ్చి చేయాలి, యూట్యూబ్ చూసి చేసేది కాదు.

చెరువు గురించి ఒక మాట. పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క చెప్తుంది. అంతేకాదు, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో రాయించారు. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడిమధ్యలో మిట్ట, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై నేల తక్కువ కావడం, ఇవీ ఆ ఆరు. ఆరున్నర శతాబ్దాల కిందటి ఈ మాటలు పట్టుకుని మీ ఊరి నీరుగంటి కుటుంబం దగ్గరికి పోండి. "మన చెరువుకు ఇందులో ఏ దోషం ఉంది మామా?" అని అడిగి చూడండి. ఒక్కో దోషానికి ఒక్కో కథ వస్తుంది, ఏ ఏడు కట్ట ఎక్కడ తెగింది, ఎవరు ఇసుక మూటలు వేశారు, పై ఊరివాళ్ళతో వంక నీళ్ళ కోసం ఎందుకు కొట్లాట అయింది అన్నీ బయటికొస్తాయి. ఆ మాటలన్నీ చెరువు పటం గీసుకుని దాని మీద ఎక్కడివక్కడ రాసుకుంటే మీ మ్యూజియంలో మొదటి గోడ నిండినట్టే. మా దగ్గరైతే పిల్లలు అందరికన్నా ఎక్కువసేపు నిలబడేది ఆ పటం ముందే.

నీళ్ళ కింద పోయిన ఊర్లవాళ్ళు మీ చుట్టుపక్కల ఉంటే వాళ్ళ పని ఇంకా తొందరగా చేయాలి. శ్రీశైలం జలాశయం కింద, గండికోట రిజర్వాయరు కింద ఊర్లకు ఊర్లే పోయాయి. వాళ్ళచేత పాత ఊరి వీధులు పటంగా గీయించండి, ఏ ఇల్లు ఎవరిది, ఏ చెట్టు కింద ఏ దేవుడు అని. నలుగురు కలిసి కూర్చుని గీస్తే ఒకరు మర్చిపోయింది ఇంకొకరు చెప్తారు.

వస్తువులు తీసుకునే ముందు చట్టం

ఇది చిన్నగానే చెప్తా, కానీ తేలిగ్గా తీసుకోవద్దు. భూమిలో దొరికిన నాణేలు, నగలు, రాగి రేకులు లాంటివి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది. వంద ఏళ్ళు దాటిన శిల్పాలు, చిత్రాలు, బొమ్మలు వేసిన తాళపత్రాలు లాంటివి 1972 పురావస్తువుల చట్టం కింద రిజిస్టరు చేయించాలి. చేతిరాత గ్రంథాల్లాంటివి డెబ్బై ఐదు ఏళ్ళకే పురావస్తువులు అవుతాయి. పులి చర్మం, జింక కొమ్ములు ఎవరైనా ప్రేమగా ఇచ్చినా తీసుకోకండి, వన్యప్రాణి చట్టం ఉంది. పాత తుపాకీ, కత్తులు అంటే ముందు స్టేషనులో అడగండి. గుడి విగ్రహాలు అసలే వద్దు. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త కట్టడం కట్టకూడదు కాబట్టి కోట పక్కనే రూము వేద్దామనే ఆలోచన కూడా మానుకోండి.

ఇవన్నీ తీసేసినా మనకు కావాల్సినవి చాలా మిగులుతాయి. మడక, గుంటక, గొర్రు, కాడిమాను, ఇసుర్రాయి, శేర్లు, పడులు, మగ్గం గుంట సామాను, పలకలు, పెండ్లి పత్రికలు, రేషన్ కార్డులు, పాత ఎన్నికల కరపత్రాలు, బడి హాజరు పట్టీలు, టెంటు సినిమా టికెట్లు.

రిజిస్టరే మ్యూజియం

వస్తువు లోపలికి వచ్చిన రోజే నెంబరు పడాలి. సంవత్సరం, చుక్క, వరస నెంబరు. 2025లో వచ్చిన పద్నాలుగో వస్తువు అంటే 2025.14, దానికి మూడు భాగాలుంటే 2025.14.1, 2025.14.2, 2025.14.3. ఒకసారి ఇచ్చిన నెంబరు వస్తువు పోయినా ఇంకోదానికి ఇవ్వకూడదు. నెంబరు చిన్న అట్టముక్క మీద రాసి తెల్ల నూలుదారంతో కట్టండి, కాగితాలైతే వెనకవైపు మూలలో పెన్సిలుతో రాయండి. వస్తువు మీద మార్కరుతో రాయడం, స్టిక్కరు అంటించడం చేయొద్దు.

మా దగ్గర ఉన్న కపిల బాన గురించి ఏం రాశామో చెప్తే మీకు అంచనా దొరుకుతుంది. ఇనుప రేకు బాన, మూతి దగ్గర వెడల్పు, కింద తోలు తొండం కట్టే కడియం ఉంది, తొండం లేదు. పక్కన చిల్లు పడినచోట కిరసనాయిలు డబ్బా రేకు ముక్క పెట్టి మేకులతో బిగించారు, ఆ ముక్క మీద సగం ఇంగ్లీషు అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. ఇచ్చింది ఫలానా ఇంటివాళ్ళు, ఫలానా చేలో బావి మీద వాడారు, అతుకు వేసింది ఊరి కమ్మరి, బావికి కరెంటు మోటారు బిగించాక బాన గాటిపాడుకు (పశువుల కొట్టానికి) చేరింది, తొండం తోలు ఎవరు కుట్టేవాళ్ళో ఇచ్చినావిడ చెప్పింది, ఆ రికార్డింగ్ నెంబరు ఇది. ఆ అతుకు ముక్క ఉంది చూశారా, కొత్త బాన కొనలేని ఏడు ఒకటి అందులో కనిపిస్తుంది. శుభ్రం చేద్దామని అతుకు పీకి రంగు వేసి ఉంటే అది మిగిలేది కాదు.

ఇచ్చినవాళ్ళతో ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. పూర్తిగా ఇచ్చేశారా, చూపించడానికి మాత్రమే ఇచ్చారా, చూపించడానికైతే ఎన్నాళ్ళు, ఇది స్పష్టంగా ఉండాలి. తండ్రి ఇచ్చి పోయాక కొడుకు వచ్చి అడగడం ప్రతి ఊర్లోనూ జరిగేదే. ఒక నకలు వాళ్ళకు కూడా ఇవ్వండి. రిజిస్టరు మొత్తం ఫోటోలు తీసి నెలకోసారి బయట ఇంకోచోట పెట్టండి.

పాడవకుండా చూసుకోవడం

మన ఎండకు, చెదలకు, ఎలుకలకు తట్టుకోవాలి. గది ఏదైనా సరే, పాత మిద్దె అయినా, వాడకంలో లేని బడి గది అయినా, మొదటి వాన పడేదాకా వస్తువులు లోపల పెట్టకండి, ఎక్కడ కారుతుందో తెలియాలి. చెక్క షెల్ఫులు వద్దు, మన దగ్గర బండలకు కొదవలేదు. కడప నాపరాయి, బేతంచెర్ల బండలతో వేసిన షెల్ఫులకు చెద పట్టదు, బరువు ఎంతైనా మోస్తాయి, రేటు కూడా అందుబాటులో ఉంటుంది. గోడకు కాస్త సందు వదిలి వేయిస్తే చెమ్మ తగలదు, వెనక ఏం జరుగుతుందో టార్చి వేసి చూడొచ్చు. బండ మీద మందంగా తెల్ల నూలు గుడ్డ పరిచి ఆపైన వస్తువు పెట్టండి.

ఇత్తడి, రాగి సామాను చూడగానే చింతపండు పెట్టి తోమాలనిపిస్తుంది, దయచేసి తోమొద్దు. ఒక్కో తోముడుకు మీద ఉన్న చెక్కుడు, పేర్లు, దెబ్బల గుర్తులు అరిగిపోతాయి. పొడి మెత్తటి గుడ్డ చాలు. ఇనుముకు నీళ్ళు తగలనివ్వకండి, పొడి బ్రష్‌తో తుప్పు పొడి దులపండి. ధర్మవరం పట్టుచీర లాంటివి మడతపెడితే జరీ మడత దగ్గరే తెగుతుంది, గొట్టానికి తెల్ల గుడ్డ చుట్టి దాని మీద చీరను చుట్టాలి. నిమ్మలకుంట వైపు తోలుబొమ్మలు దొరికితే ఎండ పడకుండా పరిచి ఉంచండి, వేలాడదీసి వదిలేస్తే వంకర్లు పోతాయి. కాగితాలకు లామినేషన్, సెల్లోటేపు, స్టేప్లరు పిన్నులు మూడూ శత్రువులే. పిన్నులు ఉంటే మెల్లగా తీసేయండి. తాళపత్రాలు దులిపి, చెక్కల మధ్య పెట్టి నూలు గుడ్డలో చుట్టి, నిమ్మగడ్డి నూనె పట్టించే పని తెలిసినవాళ్ళను అడిగి చేయించండి. పురుగు పట్టిన పుస్తకం వస్తే మిగతావాటితో కలపకుండా గాలి చొరని కవర్లో మూసి డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక కవరు విప్పకుండా ఒకరోజు వదిలేస్తే పురుగు చస్తుంది, మందుల అవసరం రాదు.

జనానికి చూపించడం

శాశ్వతంగా గది తెరిచే ముందు తిరునాళ్ళ రోజు, లేకపోతే సంక్రాంతికి బయట ఊర్లనుంచి అందరూ వచ్చినప్పుడు రెండు రోజులు బడిలో బల్లలు వేసి పెట్టండి. ప్రతి వస్తువు పక్కన పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు, పక్కన ఖాళీ కాగితం, పెన్ను. "మీకు తెలిసింది రాయండి" అని పెడితే మీరు రాసినదాన్ని దిద్దేవాళ్ళు వస్తారు. హైదరాబాదు, బెంగళూరుల్లో స్థిరపడినవాళ్ళు పాత ఫోటోల గ్రూపు చూసి "ఇది మా పెద్దనాయన" అని వేలు పెట్టి చూపిస్తారు, అక్కడే పేర్లు రాసుకోవాలి. మా అనుభవంలో ఎక్కువ వస్తువులు వచ్చింది అడిగినప్పుడు కాదు, ఇలా పెట్టి చూపించిన మర్నాడు. పాత ఫోటోలు తీసుకుపోవద్దు, అక్కడికక్కడే స్కాన్ చేసి తిరిగి ఇచ్చేయండి.

గోడ మీద రాసే వాక్యాల్లో "క్రీస్తుపూర్వం నుంచే మా ఊరు మహానగరం" లాంటివి వద్దు. తెలిసింది రాయండి, విన్నదాన్ని విన్నట్టు రాయండి. ఊరి గొప్ప ఎక్కువ చేసి చెప్తే చదువుకున్నవాళ్ళు మిగతా నిజాలను కూడా నమ్మరు. కష్టమైన విషయాలు, అంటరానితనం, ఫ్యాక్షన్, కరువు వలసలు, వీటిని దాచొద్దు, అలాగని బతికున్నవాళ్ళ పేర్లు పెట్టి గోడకెక్కించొద్దు.

సొసైటీ, చివరి కాగితం

పని ఒక ఏడాది నిలబడిందనుకుంటే అప్పుడు సొసైటీగా రిజిస్టరు చేయించుకోండి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు ఉంటే చాలు, జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో పని. బైలాస్ (సంఘం నియమాలు) రాసేటప్పుడు చాలామంది మర్చిపోయే మాట ఒకటుంది, రేపు ఈ సంఘం నడవకపోతే వస్తువులు ఎవరికి పోవాలి అన్నది. ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇవ్వాలా, జిల్లా మ్యూజియంకా, యూనివర్సిటీకా, ముందే రాసిపెట్టండి, అధ్యక్షుడి ఇంటికి మాత్రం పోకూడదు.

ఏటా ఉగాదికి ముందు, ఎండలు ముదరకముందే, ఇద్దరు రిజిస్టరు పట్టుకుని ఒక్కో నెంబరు చదువుతుంటే ఇంకో ఇద్దరు ఆ వస్తువును వెతికి చూపించాలి. ఉన్నదానికి టిక్కు, చెద కనిపించినదానికి పక్కన గుర్తు, కనిపించనిదానికి తేదీ వేసి ఎర్ర ఇంకుతో "లేదు" అని రాసి నలుగురూ సంతకం పెట్టండి. పాత వరుస కొట్టేయకండి, చింపకండి, కొత్త వివరం తెలిస్తే కింద కొత్త తేదీతో చేర్చండి.